తడవని చేయి

తాతయ్య పోయి ఇరవై రోజులైంది. వచ్చే ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. కుటుంబం తరఫున ఒకరు లేచి ఆయన జీవితం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆ ఒకరు ఎవరన్న దగ్గర మంగళవారం పొద్దున ఇంట్లో పంచాయితీ మొదలైంది.

నాన్న ముందే తప్పుకున్నాడు. మైకు చూస్తే ఆయన నోరు ఎండిపోతుంది. అత్తయ్య లేస్తే ఏడుపే తప్ప మాట రాదు. నాయనమ్మ ఇద్దరినీ చూసి, గుమ్మంలో చెప్పులు వేసుకుని ఎటో జారుకోబోతున్న మనవడి దగ్గర ఆగింది.

"వీడు చెప్తాడు."

"వీడా?" అంది అత్తయ్య. "వీడు బాప్తిస్మమే తీసుకోలేదు. కాలేజీ రెండో ఏడులో వదిలేశాడు. కంప్యూటరు కోర్సు మూడో నెల్లో వదిలేశాడు. అక్కడ కూడా సగంలో మైకు వదిలేసి దిగొచ్చాడంటే పరువు పోతుంది. ఊరికే పెట్టానా వీడికి అర్ధాంతరం అని పేరు?"

"దిగొస్తే దిగొస్తాడు. దిగేదాకా అబద్ధం మాత్రం చెప్పడు. వాడికున్న మంచి బుద్ధి అదొక్కటే."

మనవడు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "అయితే ఇప్పుడే చెప్తున్నా నాయనమ్మా. తాతయ్య నిజమైన విశ్వాసి అని నేను అందరి ముందూ అనలేను. అవునో కాదో నాకు తెలీదు."

అత్తయ్య, చూశావా అన్నట్టు, నాన్న వైపు కళ్ళెర్రజేసింది. నాన్న గోడ కేసి తిరిగాడు. నాయనమ్మ ఒక్కతే కోపం తెచ్చుకోలేదు. వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది. అంతసేపు చూడటమే వాడికి అనుమానంగా తోచింది.

"తెలుసుకుని చెప్పు," అంది. "ఆదివారం దాకా టైముందిగా."

వాడి అనుమానం ఇవాళ్టిది కాదు. తాతయ్య దర్జీ. కుడిచేత్తో కత్తెర పట్టేవాడు, కుడిచేత్తో అన్నం తినేవాడు, కుడిచేత్తో సుద్దగీత గీస్తే కొలబద్ద పెట్టి గీసినట్టు వచ్చేది. అలాంటి మనిషి నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టెముక్కను, చిన్న గిన్నెను ఎడమచేత్తో అందుకునేవాడు. కుడిచేయి మాత్రం ఆ కాసేపూ వీపు వెనక్కి పోయేది, బడిలో బెత్తానికి భయపడి దాచుకున్నట్టు. సంఘంలో ఏ తీర్మానమైనా చేతులెత్తించి లెక్కపెట్టడం వాళ్ళ పద్ధతి. అప్పుడూ ఎడమచేయే లేచేది. సంఘపెద్దగా ఉండమని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ పుల్ల విరిచినట్టు వద్దన్నాడు. మిగతావాళ్ళు తమకు బాప్తిస్మం ఎలా అయిందో, నీళ్ళలోంచి లేచినప్పుడు ఎంత ఏడ్చారో చెప్పుకుని మురిసిపోయే కూడికల్లో ఆయన నోరు విప్పగా విన్నవాళ్ళు లేరు.

నోరు విప్పని మనిషి గురించి ఊళ్ళో అందరికీ నోళ్ళుంటాయి. ఆ చేత్తో ఏదో దొంగ ప్రమాణం చేశాడని ఒకరు. వయసులో ఉండగా ఎవర్నో చావగొట్టాడని ఒకరు. చర్చిలో అందరికంటే ముందు వరుసలో కూర్చునే కళ్ళజోడు మాస్టారైతే ఏమీ అనేవాడు కాదు. తాతయ్య ఎడమచేయి చాపినప్పుడల్లా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసేవాడు. అది అనడం కంటే ఎక్కువ.

ఏడేళ్ళప్పుడు మనవడు తనే అడిగాడు. "తాతయ్యా, రొట్టె ఎడం చేత్తో ఎందుకు తీసుకుంటావు?"

"కుడి చెయ్యి పని చేసేదిరా."

అదీ ఒక జవాబేనా? వాడికి అప్పుడే తెలిసింది, ఈయన ఏదో దాస్తున్నాడని.

బుధవారం మనవడు దుకాణం తాళం తీశాడు. మేడమెట్ల కింద ఇరుకు గది. గోడకు పేపరు ముక్కలతో చేసిన కాలర్లు, జేబులు, చేతుల నమూనాలు మేకులకు వేలాడుతున్నాయి. మిషను తొక్కుడు పలక మీద మడమ ఆనేచోట ఇనుము గుంటపడింది. యాభై రెండేళ్ళ మడమ అది. పద్నాలుగో ఏట ఇంకో దర్జీ దగ్గర గుండీలు కుట్టడానికి చేరి, ఆరేళ్ళకు మిషనెక్కి, ఆ తర్వాత ఈ గది అద్దెకు తీసుకున్నాడు. పొద్దున ఆరింటికి తలుపు తీసి, నిలబడే వాక్యం చదువుకుని, అప్పుడు కూర్చునేవాడు. గుడ్డకు కత్తెర పెట్టే ముందు ప్రతిసారీ కళ్ళు మూసుకునేవాడు. బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి గౌన్లు, పెళ్ళికొడుకుల కోట్లు, ఏదైనా ఒకటే. ఆదివారం మాత్రం రాజుగారొచ్చినా తలుపు తెరిచేవాడు కాదు. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునే పెద్దమనుషులతో, "ఊపిరి వదలండి బాబూ, టేపుకి మొహమాటం లేదు," అనేవాడు. అంతకుమించి హాస్యం ఆయనకు రాదు.

కాలేజీ మానేసి వచ్చినప్పుడు ఇంట్లో అందరూ మనవడిని కడిగేస్తే తాతయ్య ఒక్కడే ఏమీ అనలేదు. గుండీల డబ్బా ముందుకు తోశాడు. నాలుగో రోజుకు వాడు పారిపోయాడు. వీధిలో ఎదురైనప్పుడు తాతయ్య ఒక్క మాట అన్నాడు: "సగంలో వదిలేసినోడికి నిద్ర పట్టదురా. నాకు తెలుసు." అది ఎత్తిపొడుపని వాడు నెల్లాళ్ళు మాట్లాడలేదు.

తలుపు తీయగానే కాజాల పెద్దాయన కూడా లోపలికొచ్చి గది మూలన తన పీట మీద కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళుగా ఈ దుకాణంలో కాజాలు తీసేది ఆయనే. యజమాని పోయినా పొద్దున్నే వచ్చి మూసిన తలుపు ముందు కూర్చోవడం మానలేదు. చెవులు సగమే వినపడతాయి. ఏ సగం అన్నది ఆయన ఇష్టం.

"మిషను అమ్మేస్తున్నారా?" అన్నాడు.

"లేదు. ఈ సొరుగులో ఏముందో చూడాలి."

"చూడకు."

"ఎందుకు?"

"నేను ముప్పయ్యేళ్ళు చూళ్ళేదు. నాకేమైనా అయిందా?"

సొరుగు తాళంచెవి తాతయ్య మొలతాడుకు ఉండేది. నాయనమ్మ మారు మాట లేకుండా తీసి ఇచ్చింది. అదీ అనుమానమే. మనవడు తాళం తీశాడు. లోపల కాగితాలు లేవు, ఫొటోలు లేవు. ఒక గుడ్డసంచీ. ఎత్తితే చేయి కిందికి లాగింది. విప్పితే గోరంత సీసపు బిళ్ళలు, గుప్పెళ్ళకొద్దీ.

దర్జీకి సీసంతో పనేంటి? వాడి బుర్ర పరిపరివిధాల పోయింది. దొంగ తూకం రాళ్ళా? తుపాకీ గుళ్ళా? కుడిచేయి వెనక్కి దాచుకునే మనిషి, తాళం వేసిన సొరుగులో సీసం.

"ఏంటివి?"

కాజాల పెద్దాయన తొంగి చూసి పెదవి విరిచాడు. "ఓస్, ఇవా? చేపలవలలకి కట్టేవి. బాప్తిస్మపు అంగీల్లోకి. నీళ్ళలోకి దిగంగానే అంగీ గొడుగులా పైకి తేలి మానం తీస్తుందని అంచులో వేసి కుడతారు. అంచుకి ఆరు, చేతులకి మూడు."

"చేతులకి ఎందుకు? చేతులు తేలితే మానం పోదుగా."

"నేనూ అడిగాను. తేలకూడదు అన్నాడు. మీ తాత దగ్గర రెండో ప్రశ్న అడిగినోడెవడు?"

"మూడేంటి, సరిసమానంగా రావుగా. ఎడం చేతికెన్ని, కుడి చేతికెన్ని?"

పెద్దాయనకు ఆ ప్రశ్న వినపడలేదు.

గురువారం చర్చికి వెళ్ళాడు. వేదిక వెనక గదిలో అంగీలుండే అల్మారా తాళం కళ్ళజోడు మాస్టారి దగ్గరుంటుంది. ఆయన తాళం తీసి, పోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"మీరు ఇన్నేళ్ళూ వెతికిందే మాస్టారూ."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పదకొండు తెల్ల అంగీలు. సంఘానికి కావలసినప్పుడల్లా తాతయ్యే కుట్టి ఇచ్చినవి. ఉతికి, నీలం పెట్టి మడత పెట్టింది నాయనమ్మ. ప్రతి బాప్తిస్మం తర్వాతా ఆ మూట ఆమె దగ్గరికే వచ్చేది. మేడ మీద తాడుకు ఆరేసిన ఆ అంగీల మధ్య పరిగెత్తి వాడు చిన్నప్పుడు తన్నులు కూడా తిన్నాడు. ఒక్కొక్కటీ తీసి చేతుల అంచులు నలిపి చూశాడు. ఎడమచేతి మడతలో ఒక బిళ్ళ, కుడిచేతి మడతలో రెండు. పదకొండింటికీ అంతే. ఒకటి తొడుక్కున్నాడు. ఎడమచేయి మామూలుగానే ఉంది. కుడిచేయి మాత్రం ఎవరో మణికట్టు పట్టుకుని మెల్లిగా కిందికి లాగుతున్నట్టుంది.

"నేను నీళ్ళలోకి దిగినప్పుడు కూడా ఇలాగే లాగింది," అన్నాడు మాస్టారు ఉన్నట్టుండి. "నా పాపాలనుకున్నాను."

శుక్రవారం మధ్యాహ్నం నాయనమ్మ మంచం మీద బట్టలు మడత పెడుతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మనవడు ఎదురుగా కూర్చుని మూడు బిళ్ళలు ఆమె మడతపెట్టిన దుప్పటి మీద పెట్టాడు. ఒకటి ఇటు, రెండు అటు.

"నీకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"అదే నువ్వు చెప్పాలి. తాళంచెవి అడగ్గానే ఇచ్చావు. తెలీనివాళ్ళు ఎందుకని అడుగుతారు."

నాయనమ్మ బిళ్ళలవంక చూసింది. దుప్పటి పక్కకు జరపలేదు.

"మా ఇద్దరి బాప్తిస్మం ఒకటే రోజు," అంది. "అప్పటికి మాకు పరిచయం లేదు. ఆయనకి ఇరవై. నాకు పదిహేడు. చర్చి వెనక సిమెంటు తొట్టి ఉండేది. ముందు మగవాళ్ళు, తర్వాత మేము. ఆయన ఆఖరివాడు, ఆయన తర్వాత నేను. మెట్టు మీద నిలబడ్డాను. పాస్టరుగారు ముసలాయన, చూపు ఆనదు. ప్రార్థన చేసి ముంచేటప్పుడు అందరూ తలలొంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆ తొట్టి ఎంత లోతో అని నాకు అనుమానం."

"చూశావా?"

"చూశాను. మనిషంతా మునిగాడు. కుడిచెయ్యి మునగలేదు. పైకి ఎత్తిపట్టుకున్నాడు. బొటనవేలికి ఇంత కట్టు. ముందురోజు మిషను సూది దిగిందట, గోట్లోంచి అవతలికి. తడిస్తే చీము పట్టి వేలు తీసెయ్యాలని డాక్టరు చెప్పాడట. ఇదంతా పెళ్ళయ్యాక వాళ్ళమ్మ చెప్పింది. మామూలు దెబ్బ గురించి చెప్పినట్టు చెప్పింది."

వాళ్ళ సంఘంలో నీళ్ళు చిలకరిస్తే చెల్లదు. మనిషి పూర్తిగా మునగాలి. పాతమనిషి నిండా మునిగి కొత్తమనిషి లేవాలి. అది వాడు బడికెళ్ళకముందే విన్నమాట.

"వేలి కోసం చెయ్యి దాచుకున్నాడన్నమాట."

"పని కోసం. ఆ వేలు పోతే దర్జీ కాడు. దేవుడికి అంతా ఇచ్చి ఆ ఒక్కటీ తన పనికి ఉంచేసుకున్నాననుకున్నాడు. అందుకే ఆ చేత్తో బల్ల ముట్టలేదు. ఆ చేత్తో చచ్చేంత పని మాత్రం చేశాడు."

"మళ్ళీ తీసుకోవచ్చుగా బాప్తిస్మం? పాస్టరుగారితో చెప్పి?"

"ఏమని? మొదటిది చెల్లలేదనా? రెండు నెల్లకే మా సంబంధం కుదిరింది. సభ్యులకే సంఘంలో పెళ్ళి చేసేవాళ్ళు. చెప్తే పెళ్ళి ఆగేది. నా కోసం దాచాడా, చెయ్యి కోసం దాచాడా అని నేను కూడా చాలా ఏళ్ళు ఆయన్ని అనుమానించాను."

"మరి నువ్వెందుకు అడగలేదు?"

"మొదటేడు సిగ్గు. తర్వాత భయం. ఆ తర్వాత పిల్లలు. ఆ తర్వాత అలవాటైపోయింది." ఆమె ఒక బిళ్ళ తీసి అరచేతిలో తూచినట్టు ఆడించింది. "నేను చూశానని ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదురా. తెలీకుండానే పోయాడేమో. అరవై ఏళ్ళు పక్కన పడుకుని, ఒక్కణ్ణే మొయ్యనిచ్చానేమో. ఇరవై రోజుల్నించీ అదొక్కటే."

బిళ్ళ మళ్ళీ దుప్పటి మీద పెట్టింది. "ఆయన పోయాక ఒళ్ళు శుభ్రం చేసేటప్పుడు అందర్నీ బయటికి పంపి, ఆ చేతిని నీళ్ళ గిన్నెలో ముంచాను. మోచేతి దాకా. అది చెల్లుతుందో లేదో పాస్టరుగారిని అడగలేదు. నువ్వూ అడగొద్దు."

"ఆదివారం ఇదంతా చెప్పనా? చెప్తే ఆయన సభ్యుడే కాదంటారు. మాస్టారు ఊరుకోడు."

"నిన్ను ఎందుకు ఎంచుకున్నాననుకున్నావు? నాకు ధైర్యం లేకనే. గిన్నె సంగతి వదిలేసి మిగతాది చెప్పు."

ఆదివారం చర్చి నిండింది. ఆయన కుట్టిన చొక్కాలు కనీసం మూడు వరుసల్లో కూర్చున్నాయి. పాస్టరుగారు పిలవగానే మనవడు వెళ్ళి మైకు పట్టుకున్నాడు. కాగితం లేదు. అత్తయ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గది గురించి చెప్పాడు. గుంటపడిన ఇనుము గురించి, ఆరింటి వాక్యం గురించి చెప్పాడు. తర్వాత చేయి గురించి చెప్పాడు, కట్టు దగ్గర్నుంచి సీసం దాకా, ఉన్నదున్నట్టు. చెప్తున్నంతసేపూ ఎవరూ దగ్గలేదు.

"మా తాతయ్య నిజమైన విశ్వాసేనా అంటే నాకు ఇప్పటికీ తెలీదు," అన్నాడు ఆఖరికి. "ఆయనకే అనుమానం. మీరంతా ఆయన్ని అనుమానించారు, నేనూ అనుమానించాను. కానీ మనందరికంటే ఎక్కువ ఆయన్నాయనే అనుమానించుకున్నాడు. ఆ అనుమానంతోనే ఒక్క ఆదివారం మానకుండా వచ్చాడు. గట్టి నమ్మకం ఉన్నవాళ్ళే వానొస్తే మానేస్తారు. నేను చూసింది ఇంతే."

మైకు పెట్టేశాడు. అది కుయ్యిమంది. కళ్ళజోడు మాస్టారు లేచి నిలబడ్డాడు. వీపులన్నీ నిటారుగా అయ్యాయి.

"ఒక సందేహం," అన్నాడు. "ఈ సంగతి అబ్బాయికి ఎవరు చెప్పారు? సంఘానికి సంబంధించిన విషయం కాబట్టి అడుగుతున్నా. చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆడవాళ్ళ వైపు నుంచి నాయనమ్మ లేచింది. "నేను చూశాను."

"మరి ఇన్నేళ్ళూ..."

"ఇన్నేళ్ళ సంగతి తర్వాత. మాస్టారూ, మీరు నీళ్ళలోకి దిగినప్పుడు వేసుకున్న అంగీ ఎవరు కుట్టారు?"

"ఆయనే."

"మీ చెయ్యి మునిగిందా?"

మాస్టారు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. "మునిగింది."

"మరి కూర్చోండి."

మాస్టారు కూర్చున్నాడు. తర్వాత పాట మొదలైంది. అందరికీ శ్రుతి కుదరడానికి రెండు చరణాలు పట్టింది.

బయటికొచ్చాక కాజాల పెద్దాయన వాడి భుజం తట్టి, బాగా చెప్పావన్నాడు. ఏం చెప్పాడని అడిగితే, వినపడలేదు కానీ గొంతు బాగుందన్నాడు. రేపు దుకాణం తీస్తావా అని కూడా అడిగాడు. మనవడు చూద్దామన్నాడు.

నాన్నా అత్తయ్యా ముందు నడుస్తున్నారు. నాయనమ్మ వాడి చేయి పట్టుకుని వెనక పడింది. ఇద్దరూ వీధి మలుపు తిరిగారు.

"నేను చూశానని అందరికీ తెలిసింది," అంది. "ఆయనకి మాత్రం తెలీకుండానే పోయింది."

మనవడు నాలుగు అడుగులు వేసి ఆగాడు. "నాయనమ్మా, ఆ అంగీలు ఎవరు ఉతికేవాళ్ళు?"

"నేనే. నీకు తెలీదా?"

"పిండేటప్పుడు చేతుల మడతల్లో బిళ్ళలు తగిలేవిగా?"

"తగలకేం. నీళ్ళు పట్టి ఇంకా బరువు. వేళ్ళు నొప్పెట్టేవి."

"కుడిదాంట్లో రెండున్నాయని తెలుసుగా?"

"తెలుసు."

"చేతులకి సీసం ఎందుకయ్యా, అందులోనూ కుడిదానికి రెండెందుకయ్యా అని ఆయన్ని ఎప్పుడైనా అడిగావా?"

"లేదు."

"నువ్వు ప్రతిదానికీ రంధ్రాన్వేషణ చేసే మనిషివి. ఉప్పు పొట్లం కూడా విప్పి చూసి గానీ తీసుకోవు. అన్నేళ్ళు ఉతికి అదొక్కటీ అడగలేదంటే, ఆయనకి ఏమనిపించి ఉంటుంది?"

నాయనమ్మ నిలబడిపోయింది. ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోయాడు.

"ఆరేసిన తాడు దగ్గరికి వచ్చేవాడు," అంది చివరికి, తనతో తను అన్నట్టు. "మగాళ్ళెవరూ రారు బట్టలారేసేచోటికి. వచ్చి, ఆ కుడిచేతులు ముడతలు పడకుండా లాగి, నా వంక చూసి, వెళ్ళిపోయేవాడు. సరిగ్గా ఉతికానో లేదో అని అనుమానమేమో అనుకునేదాన్ని."

నాయనమ్మ కాసేపటికి నడవడం మొదలుపెట్టింది. ఇంటి దాకా వాడి మణికట్టు వదల్లేదు.